ఈ నెల నీ వంతు

పెద్ద బడిలో మొదటిరోజు హెడ్‌మిస్ట్రెస్ మమ్మల్నందర్నీ ఎండలో వరసగా నిలబెట్టి, ఆరోగ్యకరమైన పోటీ అంటే ఏమిటో వివరించింది. ఆవిడ వివరిస్తుండగానే మా వరసలో ఒక పిల్ల కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ పిల్లని నీడలోకి మోసుకెళ్ళాక, ఆవిడ ఎక్కడ ఆపిందో అక్కణ్ణించే మళ్ళీ అందుకుంది. పోటీ పక్కవాళ్ళతో కాదట, ఎవరికి వాళ్ళతోనేనట. నిన్నటి మనకన్నా ఇవాళ్టి మనం ముందుండాలట. అంతా చెప్పి, చేతిసంచిలోంచి కాగితం తీసి, కిందటేడు ఎవరెవరికి ఎన్నో ర్యాంకు వచ్చిందో మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా మైకులో చదివింది. చివరి పేరు చదివినప్పుడు బడి మొత్తం వెనక్కి తిరిగి చూసింది.

నేను వదిన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

వదిన అంటే ఎవరో పెద్దావిడ అనుకునేరు. దానికీ నాకూ ఒకటే వయసు. మా అత్త కూతురు. నాకన్నా కాస్త ముందు పుట్టింది కాబట్టి నాకు వదినైంది, నేను దానికి మరదలినయ్యాను. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ ఇదే పిలుపు. పెద్ద బడిలో మొదటిసారి "వదినా, నా పెన్సిల్ ఏదీ?" అని అరిచినప్పుడు క్లాసంతా గొల్లుమంది. వారం తిరక్కుండా క్లాసంతా దాన్ని వదినా అనే పిలవడం మొదలుపెట్టింది. ఒకసారి లెక్కల సారు కూడా పొరపాటున "వదినా, బోర్డు దగ్గరికి రా" అని నాలిక్కరుచుకున్నాడు.

మాది నానమ్మ ఇల్లు. కింద మేం, పైన అత్తావాళ్ళు. నాన్నా మామయ్యా కలిసి ఫొటో ఫ్రేముల షాపు నడుపుతారు. నాన్న గాజు కోస్తాడు, మామయ్య చెక్క కోస్తాడు, అమ్మ కౌంటర్లో కూర్చుంటుంది. అత్త లాండ్రీలో ఇస్త్రీ పని చూస్తుంది కాబట్టి వదిన యూనిఫాం మడతలు చెయ్యి పెడితే తెగుతుందేమో అన్నట్టు ఉండేవి. నా యూనిఫాంకి మడతలుండేవి కావు, ముడతలుండేవి.

అమ్మకీ అత్తకీ పైకి ఏ గొడవా లేదు. "రండి వదినగారూ" అని అమ్మ, "ఏం మరదలా" అని అత్త, ఎప్పుడూ నవ్వుతూనే మాట్లాడుకుంటారు. ఆ నవ్వులు చూసే నానమ్మకి భయం. అందుకని ఇంట్లో ప్రతిదానికీ వంతు పెట్టింది. ఒకరోజు మిద్దె మీద బట్టలారేసే తీగ కిందింటివాళ్ళది, మర్నాడు పైవాళ్ళది. ఒకరోజు నీళ్ళ మోటారు వీళ్ళు వెయ్యాలి, మర్నాడు వాళ్ళు. రిక్షాలో లోపలివైపు కూర్చోవడం ఇవాళ నాదైతే రేపు వదినది. నానమ్మకి ఒంట్లో బాగాలేకపోతే మందులివ్వడం కూడా వంతే. ఎవరి వంతులో జ్వరం తగ్గితే ఆ మంచిపేరు వాళ్ళది.

పాత బడిలో ర్యాంకులుండేవి కావు. అందరి పుస్తకాల్లోనూ టీచరమ్మ నక్షత్రం వేసేది. అడిగితే రెండు వేసేది. పెద్ద బడిలో నక్షత్రాలు లేవు, బెంచీలున్నాయి. ప్రతి నెలా పరీక్ష. పరీక్షయ్యాక మార్కుల వరసలో అందర్నీ లేపి మళ్ళీ కూర్చోబెడతారు. బెంచీకి ఇద్దరు. బాగా వచ్చినవాళ్ళు ముందు, రానివాళ్ళు వెనక. అసలు రానివాళ్ళకే ముందు కూర్చునే అవసరం ఎక్కువ కదా అని నేను సారుని అడిగాను. అధికప్రసంగం అన్నాడు.

మొదటి నెల వదిన రెండో బెంచీలో కూర్చుంది. నేను దానికి చాలా వెనక, జలుబుతో ఎప్పుడూ ముక్కు ఎగబీల్చే ఒక పిల్ల పక్కన పడ్డాను. మధ్యలో అన్ని తలలు. వదిన జడ కొస మాత్రమే కనిపించేది. ఆ పెద్ద బడిలో నాకు తెలిసిన ఒకే ఒక్క మనిషి జడ అది. పాఠం వినడం మానేసి దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని.

ఇంట్లో అంతకన్నా ఘోరం. క్లాసులో నాకు ఎన్నో ర్యాంకు అన్నది ఎవరికీ పట్టలేదు. పై అంతస్తు పిల్లకన్నా ముందా, వెనకా? అంతే. అత్త మెట్లు దిగి వచ్చి, "పోనీలేమ్మా మరదలా, చిన్నపిల్ల, మెల్లిగా అదే దారిలో పడుతుంది" అంది. నన్ను చిన్నపిల్ల అన్నది తన కూతురికన్నా నేను కాస్త ఆలస్యంగా పుట్టినందుకు. అమ్మ నవ్వింది. ఆ రోజంతా వంటింట్లో గిన్నెలు వాటంతటవే కింద పడుతూనే ఉన్నాయి.

తీర్పు చెప్పింది నానమ్మే. ఆవిడకి ర్యాంకంటే ఏమిటో తెలీదు, గొడవంటే తెలుసు. "దానికంత రాద్ధాంతం ఎందుకే? ఈ నెల అది ముందు కూర్చుంది, వచ్చే నెల ఇది కూర్చుంటుంది. వంతు" అని తేల్చేసి పడుకుంది.

పెద్దవాళ్ళెవరూ ఆ మాట పట్టించుకోలేదు. మేం పట్టించుకున్నాం.

మర్నాడు మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తూ ఒప్పందం చేసుకున్నాం. వంతు లేనివాళ్ళు ఆఖరి ప్రశ్న రాయకుండా వదిలెయ్యాలి. అప్పుడు రెండోవాళ్ళు కాస్త ముందుంటారు, ఇద్దరి మధ్యా పెద్ద తేడా ఉండదు, ఒకే బెంచీలోనో ముందూ వెనకా బెంచీల్లోనో పడతాం. ఇంట్లో ఒక నెల అమ్మ సంతోషంగా ఉంటుంది, ఒక నెల అత్త. "ఈ నెల నీ వంతు" అంది వదిన. దానికి అప్పటికే ఒక నెల అయిపోయింది కాబట్టి న్యాయమే అనిపించింది. ఎవరైనా మాట తప్పితే జన్మలో మాట్లాడకూడదని తీగ పట్టుకుని ఒట్టు పెట్టుకున్నాం.

ఆ నెల నేను వదినకన్నా ఒక్క మెట్టు ముందున్నాను. ఇద్దరం ఒకే బెంచీ. అమ్మ నన్ను వెంటేసుకుని, పనేమీ లేకపోయినా వీధి చివరిదాకా నడిచి వెనక్కొచ్చింది. ఎవరైనా ఎదురుపడితే చెప్పడానికి. ఎవరూ ఎదురుపడలేదు. మళ్ళీ నడిచాం.

తర్వాతి నెల అత్త వంతు. అంటే వదిన వంతు. అత్త మెట్లు దిగే చప్పుడు మారిపోయింది. ఆ తర్వాత మళ్ళీ మేం. పోటీ అంటే భయపడిపోయే పిల్లల్ని చూస్తే నాకు జాలేసేది. ఒక పిల్ల ర్యాంకు తగ్గిందని బాత్రూంలో తలుపేసుకుని ఏడ్చింది. ఇంకొకడు పుస్తకం తిరగేసి పట్టుకుని కూడా చదివేవాడు. నాకూ వదినకీ మాత్రం నిద్ర పట్టేది, ఆకలి వేసేది. బడి పత్రికకి 'పోటీని ఎదుర్కోవడం ఎలా' అని వ్యాసం రాయమంటే రాసేశాను. ఓటమిని చిరునవ్వుతో స్వీకరించాలని, గెలుపుకి పొంగిపోకూడదని, పక్కవాళ్ళ గెలుపు మన గెలుపే అనుకోవాలని. ఇంత చిన్న వయసులో ఇంత పరిపక్వత ఎక్కడిదని తెలుగు టీచరు ముక్కున వేలేసుకుంది. వదిన వంతు నెలల్లో నేనెంత చిరునవ్వుతో ఉండేదాన్నో ఆవిడకేం తెలుసు! నిజంగానే నాకు నా మీద గౌరవం పెరిగిపోయింది. తలుచుకుంటే ముందుండగలను, అయినా వదిలేస్తున్నాను. అలాంటివాళ్ళు లోకంలో ఎంతమంది ఉంటారు?

ఒక్క విషయంలో మాత్రం వదిన మీద జాలిగా ఉండేది. పరీక్ష రాసేటప్పుడు అది పదే పదే నా పేపరులోకి తొంగిచూసేది. మొదటిసారి ఆశ్చర్యపోయాను. తర్వాత అర్థం చేసుకున్నాను. పాపం, పాఠాలు కష్టమవుతున్నాయి, నోరు తెరిచి అడగలేకపోతోంది అనుకున్నాను. సారు చూడకుండా నా పేపరు కాస్త దానివైపు జరిపేదాన్ని. మొదటి నెల అంత ముందు కూర్చున్న పిల్ల ఇలా ఎందుకైందో అని ఒక్కసారి కూడా అనుకోలేదు. సాయం చేసేవాళ్ళు అలాంటివి ఆలోచించకూడదు.

చలికాలం వచ్చేసరికి ఇద్దరం మెల్లిగా వెనక బెంచీలకి జారాం. లెక్కల్లో భిన్నాలు వచ్చిపడ్డాయి. ఒక భిన్నాన్ని ఇంకో భిన్నంతో భాగించేటప్పుడు ఏదో ఒకటి తలకిందులు చెయ్యాలి. ఏది చెయ్యాలో, ఎందుకు చెయ్యాలో నాకు తెలిసేది కాదు. ఒక్కోసారి రెండూ చేసేదాన్ని. "వదినా మరదళ్ళిద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని గోతిలోకి దిగుతున్నారు" అన్నాడు లెక్కల సారు. నాకేం బాధ వెయ్యలేదు. వంతులు పాటిస్తే ఆ మాత్రం నష్టం తప్పదు. పైగా చెయ్యీ చెయ్యీ పట్టుకునే కదా.

అప్పుడు చెప్పారు సెక్షన్ల సంగతి. వచ్చే ఏడు నుంచి మా ఆరో తరగతి క్లాసులన్నిట్నీ కలిపి మళ్ళీ విడగొడతారట. ఏడాది పరీక్షలో మార్కులు బాగా వచ్చిన సగం మంది ఏ సెక్షను, మిగతా సగం బీ సెక్షను. ఏ సెక్షను పైఅంతస్తులో, బీ సెక్షను ఆటస్థలం పక్కన పాత గదిలో. భోజనాల గంట కూడా వేరు. ఒకసారి పడితే పదో తరగతి దాకా అంతే.

ఆఖరి ప్రశ్న వదిలేస్తే ఎవరో ఒకరం గీత కింద పడతాం. నేనే ఆలోచించి వదినతో చెప్పాను.

"ఈసారి వంతు వద్దే వదినా. ఇద్దరం అన్నీ రాసేద్దాం. ఎవరు ముందొస్తే వాళ్ళు, ఇంట్లో ఏమన్నా పడదాం. ఇద్దరం ఏ సెక్షన్లో ఉండాలి, అంతే."

వదిన మడత పెడుతున్న దుప్పటి అలాగే పట్టుకుని నిలబడింది. "అన్నీనా?"

"అన్నీ."

"నిజంగా రాసెయ్యనా?"

"రాసెయ్యవే! నాకోసం ఆగకు" అన్నాను దయగా.

ఏడాది పరీక్ష పెద్ద హాల్లో జరిగింది. ఇంటిపేర్ల వరసలో కూర్చోబెట్టారు. వదినది మామయ్య ఇంటిపేరు కాబట్టి అది ఎక్కడో అటు చివర పడింది. నా పేపరు చూసుకోవడానికి వీల్లేక పిల్ల ఏమైపోతుందో అని దిగులేసింది. నా పేపరు మాత్రం శ్రద్ధగా రాశాను. ఒక్క ప్రశ్న వదల్లేదు. భిన్నాలు చెరిపి చెరిపి రాశాను.

బయటికొచ్చాక చూస్తే వదిన గేటు దగ్గర ఒంటికాలి మీద గెంతుతోంది. మొహం వెలిగిపోతోంది. "మరదలా! అన్నీ రాసేస్తే ఎంత హాయిగా ఉందో తెలుసా? చెయ్యి ఆగలేదే!" అంది. దారంతా గెంతుతూనే ఉంది. దాన్ని అంత సంతోషంగా నేను ఎప్పుడు చూశానో గుర్తురాలేదు. మొదటి నెల చూశాను, అంతే.

ఫలితాలు నోటీసు బోర్డు మీద అంటించిన రోజు జనం మధ్యలోంచి దూరి వెళ్ళాం. వదిన పేరు వెతకాల్సిన పని లేకపోయింది. ఏ సెక్షను కాగితంలో మొట్టమొదటి పేరు అదే. మా క్లాసులో మొదటిది కాదు, అన్ని క్లాసులూ కలిపి మొదటిది. నా పేరు కోసం దాని కింద నుంచి మొదలుపెట్టాను. కిందికి దిగాను. ఇంకా దిగాను. కాగితం అయిపోయింది. ముక్కు ఎగబీల్చే పిల్ల పేరు కూడా అందులో ఉంది. నా పేరు పక్క కాగితంలో, అదీ మధ్యలో ఎక్కడో.

నాకు ఏడుపు రాలేదు. కడుపు మండింది. వదినని ఆ బోర్డుకేసి తోసెయ్యాలనిపించింది. "తప్పు పడిందేమోనే, సారుని అడుగుదాం రా" అంటూ అది నా చెయ్యి పట్టుకుని లాగుతుంటే విదిలించుకున్నాను.

సారుని అడగాల్సిన పని లేకపోయింది. సారే పిలిపించాడు. మమ్మల్నే కాదు, అమ్మనీ అత్తనీ కూడా.

స్టాఫ్ రూములో ఇద్దరమ్మలూ చెరో కుర్చీలో, నవ్వుతూ కూర్చున్నారు. సారు మా నెల నెలా పరీక్ష పేపర్లు బల్ల మీద జతలు జతలుగా పెట్టాడు.

"ఏడాదంతా ఈ అమ్మాయి ఎక్కడ తప్పు చేస్తే" అని నన్ను చూపించి, "ఆ అమ్మాయి కూడా సరిగ్గా అక్కడే, అదే తప్పు చేసింది. మామూలు తప్పులైతే ఊరుకుందును. ఇవి నా సర్వీసులో ఎవరూ చెయ్యని తప్పులు. రెండు భిన్నాలూ తిరగేసినవాళ్ళని నేనెక్కడా చూడలేదు. కాపీ అని అప్పుడే అనుకున్నాను. అయితే తప్పులు కాపీ కొట్టిన పిల్లకి, విడిగా కూర్చోబెడితే అన్ని క్లాసుల్లోకీ మొదటి ర్యాంకు ఎలా వచ్చింది? నాకది తెలియాలి" అన్నాడు.

కాపీ అన్న మాట వినగానే అత్త మొహంలో నెత్తురు చుక్క లేదు. అది చూసి వదిన బావురుమంది. ఏడుస్తూ మొత్తం కక్కేసింది. నానమ్మ మాట, తీగ దగ్గర ఒట్టు, ఆఖరి ప్రశ్న, ఒక నెల నువ్వూ ఒక నెల నేనూ. "కాపీ కాదు సార్, వంతు" అంది ముక్కు తుడుచుకుంటూ.

సారు కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. అమ్మా అత్తా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళిద్దరూ నవ్వకుండా ఒకరినొకరు చూసుకోవడం నేనదే మొదటిసారి చూడటం. నేను మాత్రం బల్ల మీది పేపర్ల వైపే చూస్తున్నాను. నా తప్పు పక్కన దాని తప్పు, నా కొట్టివేత పక్కన దాని కొట్టివేత. తొంగిచూసింది సాయం కోసం కాదు.

సారు మా ఏడాది పరీక్ష పేపర్లు మా చేతిలో పెట్టి పంపించేశాడు. అమ్మలు ముందు నడుస్తుంటే మేం వెనక నడిచాం.

"నా తప్పులెందుకు రాశావే?" అన్నాను.

"నీకన్నా ఎక్కువ రాకూడదు కదా" అంది వదిన, అదేదో మామూలు సంగతన్నట్టు. "ఉత్తినే ఆఖరిది వదిలేస్తే చాల్లేదే. రెండో నెల్లో నువ్వెక్కడో వెనక ఉన్నావు కదా, అందాజు మీద ఇంకా కొన్ని వదిలేశా. తర్వాత ఒకే బెంచీలో పడ్డాం. అప్పుడు నువ్వు ఎక్కడ తప్పితే నేనూ అక్కడ తప్పితే సరిపోతుంది అనుకున్నా. ఒకే బెంచీలో పడాలంటే మరి?"

"నీ వంతు వచ్చినప్పుడో?"

"అప్పుడూ అంతే. లేకపోతే నేనెక్కడో ముందుకి వెళ్ళిపోతాను. నువ్వు వెనక ఉండిపోతావు." దారిలో రాయిని కాలితో తన్నుతూ, "కొన్ని తప్పులు నాకు రాయడం వచ్చేది కాదే. నువ్వెలా రాశావో రెండుసార్లు చూడాల్సొచ్చేది" అంది.

దాని మీద నాకు ఎంత కోపం వచ్చిందో, అంత ప్రేమ వచ్చింది. ఏది ముందు చూపించాలో తెలియలేదు. ఏడాదిపాటు అది నాకోసం ముక్కు మూసుకుని నీళ్ళలో మునిగి కూర్చుంది. నేను ఒడ్డున నిలబడి ఈత నేర్పిస్తున్నాననుకున్నాను.

ఇంట్లో పిడుగు పడుతుందనుకున్నాం. పడలేదు. మొదటి ర్యాంకు చేతికొచ్చాక అత్త ఎవర్ని తిడుతుంది? అమ్మ మాత్రం రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు నేను బడి నుంచి షాపుకి వెళ్ళేసరికి, ఆలోచన పూర్తయినట్టుంది. ఎదురింటి నర్సు ఏదో ఫొటో ఫ్రేము కట్టించుకోవడానికి వచ్చి కూర్చుంది. అమ్మ గొంతు గుమ్మంలోకే వినపడింది.

"మా అమ్మాయి తలుచుకుంటే మొదటి ర్యాంకు ఒక లెక్కా అండీ? ఏడాదంతా వాళ్ళ వదిన కోసం వదిలేసింది. చివరికి సెక్షను కూడా వదిలేసుకుంది. ఏం చేస్తాం, దాని మనసు అలాంటిది."

సరిగ్గా అప్పుడే అత్త వదిన సర్టిఫికెట్టు పట్టుకుని వచ్చింది, ఫ్రేము కట్టించడానికి. "మాదీ వదిలేసింది మరదలా, మర్చిపోకు. ఏడాదంతా తప్పులు వెతుక్కుని మరీ రాసింది."

"కాదన్నానా వదినగారూ?" అంది అమ్మ తేనెలొలికే గొంతుతో. "కానీ ఆఖర్న రాసేసింది కదా. మా పిచ్చిది ఆఖర్న కూడా రాయలేదు."

మార్కుల గొడవ వదిలి ఇప్పుడు త్యాగంలో ఎవరు ముందో తేల్చుకుంటున్నారు. అత్త మొహం మాడ్చుకుంది. ఏడాదిలో మొదటిసారి అమ్మ వంతు లేకుండా ముందుంది. మామయ్య మేకులు కొట్టడం ఆపేశాడు. నాన్న గాజు కోస్తూ తల కూడా ఎత్తలేదు. గాజు కోసేటప్పుడు తల ఎత్తకూడదన్నది ఆయనకి చాలా ఉపయోగపడే నియమం.

నేను ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే సరిపోయేది. కానీ సర్టిఫికెట్టు మీద వదిన పేరు కనిపించింది. అది ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తనకి వచ్చినంతా రాసింది. దాన్ని కూడా నేను దానమిచ్చినట్టు చెప్పుకుంటే నాకు సిగ్గేసింది.

"రాశానమ్మా" అన్నాను. "అన్నీ రాశాను. ఒక్కటి కూడా వదల్లేదు. అన్నీ రాస్తే వచ్చినవే అవి."

నర్సు గుండెల మీద చెయ్యి వేసుకుంది. "చూశారా! పైకి చెప్పుకోదు కూడా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. సంచిలోంచి పేపరు తీసి కౌంటరు మీద పెట్టాను. అమ్మ తీసుకుని చూసింది. ఒక పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది. భిన్నాల దగ్గర అమ్మ వేలు ఆగింది. చాలాసేపు ఆగింది. తర్వాత తలెత్తి, పేపరు నర్సు ముందు పరిచింది.

"చూడండి, ఎక్కడా ఖాళీ వదల్లేదు. వదిలేస్తే సారుకి అనుమానం వస్తుందని అన్నీ రాసింది. రాసి, తప్పు రాసింది. కావాలని చేసినట్టు కనపడకుండా తప్పు రాయాలంటే ఎంత తెలివుండాలండీ!"

నర్సు వంగి చూసి, "అబ్బ, ఎంత సహజంగా ఉన్నాయో" అంది.

అత్త ఇంక నిలబడలేకపోయింది. సర్టిఫికెట్టు మామయ్య చేతిలో పడేసి, ఇస్త్రీకి ఆలస్యమైందని వెళ్ళిపోయింది. నర్సు కూడా ఫ్రేము రంగు చెప్పి, నా బుగ్గ గిల్లి వెళ్ళింది. అమ్మ పేపరు మడిచి సొరుగులో పెట్టి తాళం వేసింది. గుడ్డ తీసుకుని కౌంటరు తుడవడం మొదలుపెట్టింది. నా వైపు చూడలేదు.

"భిన్నాలు ఎప్పట్నుంచి రావు నీకు?" అంది, నాకొక్కదానికే వినపడేట్టు.

నేను నోరెళ్ళబెట్టాను. "మొదట్నుంచీ."

"ఊఁ."

"నీకు తెలుసా అమ్మా? నిజంగా రాశానని?"

"కాగితానికి చిల్లు పడేదాకా చెరిపి రాశావు. కావాలని తప్పు రాసేవాళ్ళు చెరుపుతారా?" అమ్మ తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. "రేపట్నుంచి వదిన్ని పొద్దున్నే కిందికి రమ్మను. పక్కన కూర్చోబెట్టుకుని మొదటి పాఠం నుంచీ చెప్పించుకో. సిగ్గుపడకు, తెలియంది తెలియదని చెప్పు. పైన ఎవరైనా అడిగితే మాత్రం నువ్వే దానికి చెప్తున్నావని అంటాను. మధ్యలో నువ్వు నోరు తెరిచావో, చూడు!"

నాకు నవ్వు రావాల్సింది. ఏడుపొచ్చింది. నోటీసు బోర్డు దగ్గర రానిదంతా ఇప్పుడు వచ్చింది. కౌంటరు మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చాను. గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. ఎవరో ఫొటో పట్టుకుని లోపలికొచ్చి, "అయ్యో, ఏమైందండీ పాపకి?" అన్నారు.

అమ్మ నా తల మీద చెయ్యి వేసింది. మెల్లిగా నిమురుతూ, "ఏం లేదండీ" అంది. "ఎక్కువ చదువుతుంది కదా, తలనొప్పి."